వృద్ధ శునకాల నోటిలో కణితి: చికిత్సా నిర్ణయానికి శాస్త్రీయ క్రమం

పెంపుడు శునకాలకు సకాలంలో టీకాలు, నట్టల నివారణ మందులు, మెరుగైన ఆహారం అందుతున్న కొద్దీ వాటి ఆయుర్దాయం పెరుగుతున్నది. దానితోపాటు వృద్ధాప్యంలో వచ్చే వ్యాధులతో పశువైద్యశాలలకు వచ్చే శునకాల సంఖ్య కూడా పెరుగుతున్నది. ఇటువంటి వ్యాధులలో నోటి కణితి ముఖ్యమైనది. శునకాలలో వచ్చే క్యాన్సర్లలో సుమారు 6 శాతం నోటిలోనే ఏర్పడతాయి.

నోటిలో గడ్డ కనిపించినప్పుడు యజమానులు సాధారణంగా రెండు విధాలుగా స్పందిస్తారు. "ముసలిదైపోయింది, ఇప్పుడు కోయించి బాధపెట్టడం ఎందుకు?" అని కొందరు చికిత్సనే వదులుకుంటారు. "ఎంత ఖర్చయినా సరే, వెంటనే తీసేయండి" అని మరికొందరు తొందరపడతారు. రెండు మాటలూ ప్రేమతో అన్నవే. అయితే ఆ గడ్డ ఏమిటో తెలియకముందే తీసుకున్న నిర్ణయాలు కావడం వల్ల రెండూ నష్టం కలిగించవచ్చు. సులభంగా నయమయ్యే కణితిని వదిలివేయడం ఒక నష్టం. ఇప్పటికే ఊపిరితిత్తులకు పాకిన క్యాన్సర్‌కు దవడ తొలగించడం మరొక నష్టం. కణితి స్వభావం, దాని వ్యాప్తి, శునకం శరీర స్థితి, మిగిలిన జీవితపు సౌఖ్యం అనే నాలుగు అంశాలను ఇదే వరుసలో పరిశీలించి చికిత్సను నిర్ణయించాలి. వయస్సు వీటిలో ఏ ఒక్కదానికీ ప్రత్యామ్నాయం కాదు.

ఆలస్యంగా బయటపడటానికి కారణాలు

పెద్ద జాతి శునకాలను 7-8 సంవత్సరాల నుండి, చిన్న జాతులను 10-11 సంవత్సరాల నుండి వృద్ధ శునకాలుగా పరిగణించవచ్చు. నోటి లోపలి భాగం బయటకు కనిపించదు. నొప్పి ఉన్నా శునకం చాలాకాలం వరకు తింటూనే ఉంటుంది. అందువల్ల కణితి చాలా సందర్భాలలో పెద్దదైన తరువాతే బయటపడుతుంది. దవడ వెనుక భాగంలో, నాలుక కింద, టాన్సిల్స్ వద్ద ఏర్పడిన కణితులు మరింత ఆలస్యంగా తెలుస్తాయి.

నోటి దుర్వాసన, అతిగా చొంగ కారడం, లాలాజలంలో రక్తపు చారలు, ఒకవైపు మాత్రమే నమలడం, మేత నోటి నుండి జారిపోవడం, ముఖం ఒకవైపు వాయడం, పళ్ళు కదలడం, ఒక ముక్కు రంధ్రం నుండి రక్తం కారడం, బరువు తగ్గడం ముఖ్యమైన లక్షణాలు. ముసలి కుక్కలో చిగుళ్ళ వ్యాధి ఏమీ లేకుండానే ఒకటి రెండు పళ్ళు మాత్రమే కదులుతుంటే ఆ చోట ఎముకను కణితి తినివేస్తున్నదేమోనని అనుమానించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. చొంగ కారడం, మింగలేకపోవడం, కింది దవడ వేలాడటం రేబిస్ లక్షణాలు కూడా. గొంతులో ఎముక ఇరుక్కున్నదని భావించి నోటిలో చేయి పెట్టి ప్రాణాపాయం కొనితెచ్చుకున్నవారు ఉన్నారు. కాబట్టి టీకా చరిత్ర, ఇటీవలి కుక్కకాట్లు, ప్రవర్తనలో మార్పులు అడిగి తెలుసుకోకుండా ఏ శునకం నోటినీ తెరవరాదు. చేతి తొడుగులు ధరించాలి. అనుమానం ఉంటే యజమాని గాని, విస్తరణ సిబ్బంది గాని పరీక్షకు పూనుకోకుండా పశువైద్యునికి అప్పగించాలి.

నోటిలో పెరిగేవన్నీ ఒకటి కావు

నోటి గడ్డలను వాటి ప్రవర్తనను బట్టి నాలుగు వర్గాలుగా అర్థం చేసుకోవడం నిర్ణయానికి ఉపకరిస్తుంది.

మొదటి వర్గం నిరపాయకరమైనవి. దీర్ఘకాలిక చిగుళ్ళ వాపు వల్ల చిగురు పెరగడం, పంటి చుట్టూ ఉండే కణజాలం నుండి పుట్టే గట్టి ఫైబ్రోమా ఈ వర్గానికి చెందుతాయి. ఇవి నెమ్మదిగా పెరుగుతాయి, ఇతర అవయవాలకు పాకవు. కాలీఫ్లవర్ ఆకారపు వైరస్ పులిపిర్లు సాధారణంగా లేత వయస్సు శునకాలలో వచ్చి కొన్ని వారాలలో వాటంతట అవే రాలిపోతాయి. వృద్ధ శునకంలో కనిపిస్తే రోగనిరోధక శక్తి తగ్గిందేమో పరిశీలించాలి.

రెండవ వర్గం పాకకపోయినా ఎముకను తినివేసేది. అకాంథోమాటస్ అమిలోబ్లాస్టోమా దీనికి ఉదాహరణ. ఇది ఊపిరితిత్తులకు గాని, శోషరస గ్రంథులకు గాని చేరదు. అయితే దవడ ఎముకలోకి చొచ్చుకుపోతుంది. పైపైన చెక్కివేస్తే తిరిగి వస్తుంది. చుట్టూ కనీసం 1 సెం.మీ. ఆరోగ్యకరమైన కణజాలంతో, అడుగున ఉన్న ఎముకతో సహా తొలగిస్తే సాధారణంగా పూర్తిగా నయమవుతుంది.

మూడవ వర్గం క్యాన్సర్ కణితులు. వీటిలో మెలనోమా, స్క్వేమస్ సెల్ కార్సినోమా, ఫైబ్రోసార్కోమా ప్రధానమైనవి. మెలనోమా వేగంగా పెరిగి శోషరస గ్రంథులకు, ఊపిరితిత్తులకు పాకే స్వభావం కలది. నల్లగా ఉంటేనే మెలనోమా అనుకోవడం పొరపాటు. సుమారు మూడింట ఒక వంతు మెలనోమాలలో నలుపు రంగు ఉండదు. స్క్వేమస్ సెల్ కార్సినోమా పుండులా, ఎర్రగా కనిపిస్తుంది. చిగురుపై వచ్చినది ఎముకను తింటుంది గాని దూరానికి పాకడం తక్కువ. అదే కణితి టాన్సిల్‌పై వస్తే త్వరగా పాకుతుంది, ఫలితం ఆశాజనకంగా ఉండదు. ఫైబ్రోసార్కోమా పై దవడ, అంగిలి భాగాలలో ఎక్కువగా వచ్చి, తొలగించిన చోటే తిరిగి పెరుగుతుంది. గోల్డెన్ రిట్రీవర్ వంటి పెద్ద జాతులలో దీని కణాలు సూక్ష్మదర్శినిలో సాధువుగా కనిపించినా నోటిలో మాత్రం తీవ్రంగా విస్తరించే రకం ఒకటి ఉన్నది.

నాలుగవ వర్గాన్ని మన ప్రాంతంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. అది శునకాలలో సంపర్కం ద్వారా వ్యాపించే కణితి. దీనిని టి.వి.టి. అని వ్యవహరిస్తారు. స్వేచ్ఛగా తిరిగే కుక్కలు అధికంగా ఉన్న మన దేశంలో ఇది సాధారణం. జననాంగాలపై ఎక్కువగా కనిపించినా, వాసన చూడటం, నాకడం వల్ల ముక్కులో, నోటిలో కూడా ఏర్పడుతుంది. చూపుకు భయంకరంగా, రక్తమోడుతూ ఉన్నప్పటికీ విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లతో అత్యధిక శాతం శునకాలలో పూర్తిగా నయమవుతుంది. దీనికి శస్త్రచికిత్స అవసరమే రాదు. కంటితో చూసి "క్యాన్సర్, ఇక లాభం లేదు" అని తేల్చివేయరాదనడానికి ఈ ఒక్క వ్యాధి చాలును.

వీటికి తోడు పంటి మూలంలో చీము గడ్డ, గుచ్చుకున్న ముల్లు లేదా ఎముక ముక్క చుట్టూ వచ్చే వాపు కూడా కణితిని పోలి ఉంటాయి.

మొదటి ప్రశ్న: ఇది ఏమిటి?

సన్నని సూదితో కణాలను తీసి గాజు పలకపై పరీక్షించడం సులభమైన, చవకైన తొలి మెట్టు. టి.వి.టి. కణాలు గుండ్రంగా, కణద్రవ్యంలో స్పష్టమైన చిన్న బుడగలతో కనిపించి తేలికగా గుర్తింపునకు వస్తాయి. మెలనోమాను కూడా చాలాసార్లు ఈ పద్ధతిలో అనుమానించవచ్చు. మిగిలిన కణితులకు బయాప్సీ చేసి కణజాల పరీక్ష జరపడమే ప్రామాణికం.

బయాప్సీలో కొన్ని జాగ్రత్తలు పాటించాలి. నోటి కణితి పైభాగం తరచుగా కుళ్ళి, చీముపట్టి ఉంటుంది. పైపొర మాత్రమే తీస్తే నివేదికలో వాపు అని మాత్రమే వస్తుంది. కాబట్టి లోతైన ముక్క తీయాలి. తరువాత చేయబోయే శస్త్రచికిత్సలో తొలగించే పరిధిలోనే, నోటి లోపలి నుండే ముక్క తీయాలి. పెదవి చర్మం గుండా తీస్తే ఆరోగ్యకరమైన కణజాలానికి క్యాన్సర్ కణాలు అంటుకోవచ్చు. విద్యుత్ కత్తిని వాడితే కణాలు మాడి పరీక్షకు పనికిరావు. తీసిన ముక్కను దాని పరిమాణానికి 10 రెట్ల 10 శాతం ఫార్మలిన్‌లో ఉంచి ప్రయోగశాలకు పంపాలి.

మన ప్రాంతంలో పిడుదుల ద్వారా వచ్చే ఎర్లిఖియా వ్యాధి శునకాలలో సాధారణం. ఇందులో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గిపోతాయి. బయాప్సీకి ముందు ప్లేట్‌లెట్ల లెక్క చూడకపోతే చిన్న గాయం నుండి కూడా ఆగని రక్తస్రావం జరగవచ్చు.

రెండవ ప్రశ్న: ఎంతవరకు వ్యాపించింది?

కణితి పరిమాణాన్ని స్కేలుతో కొలిచి నమోదు చేయాలి. 2 సెం.మీ. లోపు, 2 నుండి 4 సెం.మీ., 4 సెం.మీ. పైబడి అనే మూడు స్థాయిలు చికిత్సాఫలితాన్ని అంచనా వేయడానికి ఆధారం. శోషరస గ్రంథులకు పాకితే మూడవ దశగాను, ఊపిరితిత్తులు మొదలైన దూరపు అవయవాలకు పాకితే నాలుగవ దశగాను పరిగణిస్తారు.

మెలనోమాలో ఈ కొలత ఎంత ముఖ్యమో గమనించాలి. చికిత్స చేయకపోతే శునకం జీవించే కాలం సాధారణంగా సుమారు 2 నెలలు. 2 సెం.మీ. లోపు ఉన్నప్పుడు పూర్తిగా తొలగించగలిగితే ఆ కాలం ఒక సంవత్సరం దాటవచ్చు. అంతకంటె పెద్దదైతే సుమారు 5-6 నెలలకు, ఇంకా ముదిరితే 3 నెలలకు తగ్గుతుంది. ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా నెలల ఆయుష్షును నిర్ణయిస్తున్నదన్నమాట. అయితే ఇవి అనేక శునకాల అనుభవం నుండి వచ్చిన మధ్యస్థ విలువలు. ఏ ఒక్క శునకానికీ గడువుగా యజమానికి చెప్పరాదు.

దవడ కింది శోషరస గ్రంథులను తాకి చూడాలి. గ్రంథి వాయనంత మాత్రాన క్యాన్సర్ చేరలేదని చెప్పలేము. మెలనోమాలో మామూలు పరిమాణంలో ఉన్న గ్రంథులలో కూడా క్యాన్సర్ కణాలు కనిపించడం అరుదు కాదు. అందువల్ల గ్రంథి నుండి కూడా సూదితో నమూనా తీయాలి. ఛాతీకి కుడి, ఎడమ పక్కల నుండి, వెల్లకిలా పడుకోబెట్టి మొత్తం మూడు ఎక్స్‌రేలు తీయడం మంచిది. దవడ ఎక్స్‌రేలో ఎముక నష్టం కనిపించాలంటే అక్కడి ఖనిజాలలో సుమారు 40 శాతం అప్పటికే కరిగిపోయి ఉండాలి. కాబట్టి ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఎముక సురక్షితమని భావించరాదు. దవడ శస్త్రచికిత్స తలపెట్టినప్పుడు అవకాశం ఉన్నచోట సి.టి. స్కాన్ చేయించడం మేలు.

మూడవ ప్రశ్న: శరీరం తట్టుకోగలదా?

వృద్ధాప్యం స్వయంగా వ్యాధి కాదు. మత్తుమందు వల్ల కలిగే ప్రమాదం వయస్సుతో కొంత పెరిగినా, దానిలో ప్రధాన పాత్ర గుండె, మూత్రపిండాలు, కాలేయం వంటి అవయవాల స్థితిదే. రక్తకణాల లెక్క, యూరియా, క్రియాటినిన్, కాలేయ ఎంజైములు, చక్కెర, మూత్ర పరీక్ష, గుండె పరీక్ష చేయించిన తరువాతే నిర్ణయానికి రావాలి. ఈ పరీక్షలలో నిలిచిన 13 సంవత్సరాల శునకం, మూత్రపిండాల వ్యాధి ఉన్న 7 సంవత్సరాల శునకం కంటె శస్త్రచికిత్సకు అనువైనది.

వృద్ధ శునకాలలో మత్తుమందు మోతాదులు తగ్గించి, ప్రభావాన్ని చూస్తూ కొద్దికొద్దిగా ఇవ్వాలి. సిరల ద్వారా ద్రవాలు ఎక్కించాలి. శరీర ఉష్ణోగ్రత పడిపోకుండా చూడాలి. నోటి రక్తం ఊపిరితిత్తులలోకి పోకుండా గాలిబుడగ ఉన్న శ్వాసగొట్టం అమర్చాలి. దవడ నాడికి స్థానిక మత్తు ఇస్తే ప్రధాన మత్తుమందు అవసరం తగ్గుతుంది, మెలకువ వచ్చాక నొప్పి కూడా తక్కువగా ఉంటుంది.

చికిత్సా మార్గాలు

శస్త్రచికిత్స: పాకని కణితులకు ఇదే ఉత్తమ మార్గం. దవడలో కొంత భాగం తీసివేయడమంటే యజమానులు భయపడతారు. అయితే శునకాలు దీనికి మనం ఊహించినదాని కంటె బాగా అలవాటుపడతాయి. చాలావరకు కొద్ది రోజులలోనే మెత్తని ఆహారం తినగలుగుతాయి. నాలుక ఒకవైపు వేలాడటం, చొంగ కారడం, దవడ కొంత పక్కకు జరగడం, కుట్లు విడిపోవడం వంటి ఇబ్బందులు ఉండవచ్చని ముందే చెప్పాలి. కింది దవడపై చిగురు నుండి వచ్చిన స్క్వేమస్ సెల్ కార్సినోమాను దవడ భాగంతో సహా తొలగించినప్పుడు అత్యధిక శాతం శునకాలు సంవత్సరానికి పైగా జీవిస్తాయి. నోటి ముందు భాగంలో ఉన్నవాటికి ఫలితం మరింత మెరుగు. మొదటి శస్త్రచికిత్సే ఉత్తమ అవకాశం. అసంపూర్ణంగా తీసి, తిరిగి పెరిగాక మళ్ళీ చేసే శస్త్రచికిత్స కష్టతరం.

రేడియేషన్: మెలనోమా, అమిలోబ్లాస్టోమా దీనికి బాగా లొంగుతాయి. అయితే జంతువులకు ఈ సౌకర్యం మన దేశంలో చాలా పరిమితం. లభించని చికిత్సపై ఆశ కల్పించి కాలయాపన చేయరాదు.

మందులు: టి.వి.టి.కి విన్‌క్రిస్టిన్‌ను వారానికి ఒకసారి చొప్పున సాధారణంగా 4 నుండి 6 వారాలు సిరలోకి ఇస్తారు. మందు సిర వెలుపలకు కారితే కణజాలం కుళ్ళుతుంది. ప్రతి మోతాదుకు ముందు తెల్లరక్తకణాలు చూడాలి. మెలనోమాకు కార్బోప్లాటిన్ వాడినా కొద్ది శాతం శునకాలలోనే కణితి తగ్గుతుంది. మెలనోమాకు అమెరికాలో ఒక డి.ఎన్.ఎ. టీకాకు 2007లో షరతులతో, 2010లో పూర్తిస్థాయిలో అనుమతి లభించింది. స్క్వేమస్ సెల్ కార్సినోమాలో పిరాక్సికామ్ వంటి వాపు నివారణ మందులు కొన్ని శునకాలలో కణితి పెరుగుదలను అదుపు చేస్తాయి. మూత్రపిండాలు, జీర్ణాశయం పరిస్థితిని గమనిస్తూ పశువైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి.

ఉపశమన చికిత్స: తొలగించలేని కణితి ఉన్నప్పుడు చేయగలిగింది ఏమీ లేదనడం సరికాదు. నొప్పి తగ్గించడం, చీమును అదుపు చేయడం, తిండి తినగలిగేలా చూడటం కూడా చికిత్సే. మెలోక్సికామ్‌ను మొదటి రోజు కిలో బరువుకు 0.2 మి.గ్రా., తరువాత 0.1 మి.గ్రా. చొప్పున ఆహారంతో ఇస్తారు. దీనితోపాటు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు ఇవ్వరాదు. 0.12 శాతం క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో నోరు శుభ్రపరిస్తే దుర్వాసన తగ్గుతుంది. గంజి, మెత్తగా ఉడికించిన అన్నం, గుడ్డు, ఎముకలు లేని కోడిమాంసం, పెరుగన్నం గోరువెచ్చగా కొద్దికొద్దిగా పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి, మసాలా కలిసినవి పెట్టరాదు. మనుషులు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలను యజమానులు సొంతంగా వేయరాదు. వాటివల్ల జీర్ణాశయంలో పుండ్లు, మూత్రపిండాల వైఫల్యం ఏర్పడతాయి.

నాల్గవ ప్రశ్న: మిగిలిన జీవితం ఎలా ఉంటుంది?

జీవన నాణ్యతను అంచనా వేయడానికి అమెరికాకు చెందిన పశువైద్య క్యాన్సర్ నిపుణురాలు డా. ఆలిస్ విల్లలోబోస్ రూపొందించిన కొలబద్ద విస్తృతంగా వాడుకలో ఉన్నది. నొప్పి, ఆకలి, నీటి శాతం, శుభ్రత, ఉత్సాహం, కదలిక, చెడు రోజుల కంటె మంచి రోజులు ఎక్కువగా ఉండటం అనే ఏడు అంశాలకు ఒక్కొక్క దానికి 0 నుండి 10 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 35 దాటితే సంరక్షణ కొనసాగించవచ్చు. యజమాని ఇంట్లోని క్యాలెండరుపై ప్రతిరోజూ "మంచి రోజు", "చెడు రోజు" అని గుర్తు పెట్టుకుంటే మార్పు స్పష్టంగా తెలుస్తుంది.

మందులకు లొంగని నొప్పి, తినలేకపోవడం, ఆగని రక్తస్రావం, శ్వాస ఇబ్బంది ఏర్పడినప్పుడు అనాయాస మరణాన్ని పశువైద్యుడు ప్రస్తావించవలసి ఉంటుంది. ఈ నిర్ణయం యజమానిదే. అది నేరమన్న భావన గాని, బలవంతం గాని కలగకుండా, కుటుంబమంతా ఆలోచించుకొనే వ్యవధి ఇచ్చి చెప్పాలి.

నిర్ణయ క్రమం ఎలా పనిచేస్తుంది?

నాలుగు ఊహాజనిత సందర్భాలను పరిశీలిద్దాం. 13 సంవత్సరాల స్పిట్జ్ శునకానికి ముందు చిగురుపై 1 సెం.మీ. గట్టి గడ్డ ఉండి, బయాప్సీలో ఫైబ్రోమా అని తేలితే, రక్తపరీక్షలు బాగున్నప్పుడు చిన్న శస్త్రచికిత్సతో సమస్య తీరుతుంది. 11 సంవత్సరాల లాబ్రడార్ కింది దవడ ముందు భాగంలో 2.5 సెం.మీ. స్క్వేమస్ సెల్ కార్సినోమా ఉండి, గ్రంథులు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటే దవడ భాగం తొలగింపును ధైర్యంగా సూచించవచ్చు. 14 సంవత్సరాల శునకానికి అంగిలిపై 5 సెం.మీ. మెలనోమా ఉండి, ఛాతీ ఎక్స్‌రేలో గడ్డలు కనిపిస్తే శస్త్రచికిత్స దాని చివరి వారాలను గాయం మాన్పుకోవడంలోనే గడిపేలా చేస్తుంది. అక్కడ ఉపశమన చికిత్సే సరైనది. ఊరిలో తిరిగే 9 సంవత్సరాల దేశవాళీ కుక్కకు చిగురుపై రక్తమోడే గడ్డ, ముక్కు నుండి రక్తం ఉండి, సూది పరీక్షలో టి.వి.టి. అని తేలితే విన్‌క్రిస్టిన్‌తో కోలుకుంటుంది. కంటికి మొదటిదాని కంటె నాలుగవది ఎన్నో రెట్లు భయంకరంగా కనిపిస్తుంది. అయినా కత్తి అవసరమైనది మొదటిదానికే.

విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

కృషి విజ్ఞాన కేంద్రాలలోను, గ్రామస్థాయిలోను పనిచేసేవారు పశు ఆరోగ్య శిబిరాలలో, రేబిస్ టీకా కార్యక్రమాలలో ఈ కింది విషయాలను ప్రచారం చేయవచ్చు.

• 7 సంవత్సరాలు దాటిన పెంపుడు శునకం పెదవులను నెలకు ఒకసారి ఎత్తి చిగుళ్ళు చూడటం యజమానులకు నేర్పాలి. టీకాలు వేయించిన, సాధువైన సొంత శునకానికి మాత్రమే దీనిని సూచించాలి.
• గడ్డ కనిపిస్తే పక్కన స్కేలు ఉంచి ఫొటో తీసి, తేదీ రాసిపెట్టాలి. రెండు వారాలలో పెరిగినా, రక్తం కారినా వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.
• సున్నం, పసరు పూయడం, దారం కట్టి తెంపడం, మంగలి కత్తితో కోయడం వంటివి మాన్పించాలి.
• స్థానికంగా బయాప్సీ, ఎక్స్‌రే సౌకర్యం లేనప్పుడు తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ వంటి చోట్ల ఉన్న పశువైద్య కళాశాలల వైద్యశాలలకు పంపాలి.
• పరీక్షల ఖర్చు, శస్త్రచికిత్స ఖర్చు, ఆ తరువాత సంరక్షణకు ఇంట్లో ఎవరు సమయం కేటాయించగలరనేది ముందే చర్చించాలి. ఖర్చు భరించలేని యజమానికి ఉపశమన మార్గాన్ని గౌరవంగా వివరించాలి.
• స్వేచ్ఛగా తిరిగే శునకాలకు గర్భనిరోధక శస్త్రచికిత్సలు చేయించడం వల్ల టి.వి.టి. వ్యాప్తి కూడా తగ్గుతుందని తెలియజేయాలి.

ముగింపు

వృద్ధ శునకం నోటిలో కణితి కనిపించినప్పుడు పేరు తెలియని గడ్డపై కత్తి పెట్టరాదు, పేరు తెలియకుండా ఆశ వదులుకోరాదు. కణితి స్వభావం, వ్యాప్తి, శరీర స్థితి, జీవన నాణ్యత అనే క్రమంలో పరిశీలిస్తే కొన్ని శునకాలకు పూర్తి ఆరోగ్యం, కొన్నింటికి మరికొంత మంచి కాలం, మిగిలినవాటికి నొప్పిలేని ముగింపు లభిస్తాయి. ఈ మూడింటిలో ఏది సాధ్యమో యజమానికి సకాలంలో, నిజాయితీగా చెప్పగలగడమే పశువైద్యుల, విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం.